నీళ్ల వెంబడి పారశీక యాత్ర

కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వాళ్లం మనం. ఈరోజు ఒక యాత్ర గురించి మాట్లాడుకుందాం. తీర్థయాత్ర కాదు. పాత పారశీక దేశపు నగరాల్ని, కట్టడాల్ని వరసబెట్టి చూపించే యాత్ర. టూరు కంపెనీల కాగితాల్లో ఇది ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. టెహ్రాన్‌లో దిగుతారు. అక్కడి నుంచి కషాన్, ఇస్ఫహాన్, యజ్ద్, షీరాజ్. షీరాజ్‌కు 60 కిలోమీటర్ల దూరంలో పెర్సిపోలిస్. వారం, పది రోజుల్లో ఐదారు ఊళ్లు. వెంట గైడు ఉంటాడు. బస్సు ఉంటుంది. తిరిగొచ్చేసరికి ఫోన్ నిండా ఫొటోలుంటాయి. మరి తలలో ఏం మిగులుతుంది? ఈ ప్రసంగంలో నేను చెప్పేది ఒక్కటే మాట. ఒక యాత్రకు ఒక ప్రశ్న చాలు. ఆ ప్రశ్న మన ఊరిదై ఉండాలి. దాన్ని పట్టుకుని ఊరి నుంచి ఊరికి పోవాలి. ప్రశ్న లేకుండా పోతే ఎన్ని ఊళ్లు తిరిగినా దూరం తిరిగినట్టే తప్ప చూసినట్టు కాదు.

పెర్సిపోలిస్‌నే తీసుకుందాం. క్రీస్తుకు పూర్వం 518 ప్రాంతంలో దరియస్ చక్రవర్తి మొదలుపెట్టిన నగరం అది. క్రీస్తుకు పూర్వం 330లో అలెగ్జాండర్ చేతిలో కాలిపోయింది. అక్కడ అపదానా అనే సభామండపం ఉంది. దాని మెట్ల పక్క గోడ మీద 23 దేశాల వాళ్లు కానుకలు తెస్తున్న బొమ్మలు చెక్కారు. వాటిలో మన దేశం వాళ్లూ ఉన్నారు. సింధు నది ప్రాంతపు మనుషులు. పై ఒంటి మీద బట్ట లేదు. నడుముకు పంచె. ఒకతని భుజాన కావడి ఉంది. కావడికి రెండు వైపులా బుట్టలు. బుట్టల్లో చిన్న సంచులు. వాటిలో ఉన్నది బంగారు రజను అని పండితులు అంటారు. వెనకాల ఒక గాడిద. రెండున్నర వేల ఏళ్ల కిందట అక్కడి శిల్పి ఒకడు మన దేశపు కావడిని అంత శ్రద్ధగా చెక్కాడు. ఈ బొమ్మ ముందు నిలబడాలి. కావడి బద్ద ఎలా వంగిందో చూడాలి. ఆ మనిషి ఎంత దూరం నడిచొచ్చాడో అడగాలి. అరగంటలో మొత్తం నగరం చూపించేసే గైడుకు ఆ తీరిక ఉండదు. బస్సు హారన్ కొడుతుంది. మనం వెళ్లిపోతాం.

మన చెరువు సంగతి మనకు తెలిసిందే. చెరువు ఎలాంటిదో తెలియాలంటే కట్ట మీద అటూ ఇటూ నడిస్తే చాలదు. తూము దగ్గర దిగి, కాలువ వెంబడి చివరి మడి దాకా నడవాలి. అప్పుడే నీళ్లు ఎవరికి అందుతున్నాయో, ఎక్కడ తెగుతున్నాయో తెలుస్తుంది. దేశాల మధ్య నడిచిన విద్యల్నీ అలాగే చూడాలి. వెంబడి నడిచే కాలువ ఒకటి కావాలి. మన ప్రాంతం వాళ్లకు ఆ కాలువ ఏది? వేరే వెతుక్కోనక్కర్లేదు. నీళ్లే. వానలు నమ్మకం లేని సీమ మనది. పారశీక దేశం అంతకంటే ఎండిన నేల. యజ్ద్ నగరంలో ఏడాదికి 60 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడదు. మదనపల్లె చుట్టుపక్కల దానికి పది రెట్ల దాకా పడుతుంది. అయినా యజ్ద్ వందల ఏళ్లుగా నిలిచిన నగరం. అంత కరువు నేల మీద ఆ ఊరు ఎలా బతికింది? ఇదీ మన ప్రశ్న. మళ్లీ చెబుతున్నాను. ఒక యాత్రకు ఒక ప్రశ్న. మనకు నీళ్ల ప్రశ్న.

ఈ యాత్ర టెహ్రాన్‌లో మొదలు కానక్కర్లేదు. గుర్రంకొండలో మొదలుపెట్టొచ్చు. కలికిరి నుంచి వాయల్పాడు మీదుగా పోతే దగ్గరే. మదనపల్లె నుంచీ దగ్గరే. కొండ మీద కోట. కొండ కింద రంగీన్ మహల్. హైదర్ అలీ బావమరిది మీర్ రజా అలీఖాన్ సమాధి కూడా అక్కడే ఉంది. ఆ కోట విజయనగరం వాళ్ల కింద ఉంది. గోల్కొండ వాళ్ల కింద, కడప నవాబుల కింద, ఆ తర్వాత హైదర్, టిప్పుల కింద ఉంది. 1791లో నిజాం, ఇంగ్లీషు సేనలు ముట్టడించాయి. తర్వాత నిజాంకు పోయింది. 1800లో దత్తమండలాలతో పాటు ఇంగ్లీషు కంపెనీకి చేరింది. ఇందులో విజయనగరం తర్వాత, ఇంగ్లీషు వాళ్లకు ముందు, ఎవరి దర్బారు చూసినా అక్కడ పెద్ద భాష ఫార్సీ. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది పారశీక కట్టడం ఎలా అవుతుంది, రాళ్లు మనవి, కూలీలు మనవాళ్లు, సున్నం మన గానుగలో ఆడిందే కదా అని. ఆ మాట నిజమే. గుర్రంకొండ పారశీకం కాదు, దక్కనుది. అందుకే అక్కడ మొదలుపెట్టాలంటున్నాను. ఇరాన్‌లో పుట్టిన ఒక తీరు మన రాతిలోకి, మన సున్నంలోకి దిగాక ఎలా మారిందో తెలిసేది చివరి మడి దగ్గరే. ఒక పూట అక్కడ గడపండి. కమాను వంపు చూడండి. ఆ తర్వాత కొండ ఎక్కి ఒక్క సంగతి అడగండి. వందల మంది సైనికులు, గుర్రాలు అంత ఎత్తున నెలల తరబడి ఉండాలంటే నీళ్లు ఎక్కడ నిలబెట్టారు?

రెండో మజిలీ హైదరాబాదు. గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీ వంశం మొదలుపెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. హైదరాబాదు నగరానికి ప్లాను గీసింది మీర్ మోమిన్ అస్తరాబాదీ అంటారు. ఆయనదీ ఇరానే. 1591లో చార్మినార్ కట్టారు. నాలుగు దిక్కులకు నాలుగు బాటలు తీశారు. పారశీకుల చార్‌బాగ్ తోటలోనూ అదే అమరిక. మధ్యలో నీళ్లు, నాలుగు వైపులా కాలువలు, నాలుగు మడులు. గైడు సాధారణంగా గోల్కొండలో చప్పట్లు కొట్టించి పైన వినిపిస్తుంది చూడండి అంటాడు. పిల్లలు సంతోషపడతారు. మంచిదే. కానీ మన ప్రశ్న వేరే కదా. కోట పైకి నీళ్లు ఎలా ఎక్కాయి అని అడగండి. అప్పుడు ఆయన మట్టి గొట్టాలు చూపిస్తాడు. అంచెలంచెలుగా చక్రాలతో నీళ్లు తోడి ఒక తొట్టి నుంచి పై తొట్టికి ఎక్కించిన తీరు చెబుతాడు. ఇంకొక సంగతి ఆయన చెప్పకపోతే మీరే గుర్తు చేయండి. సుల్తాన్ కులీ కొడుకు ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ప్రాణభయంతో పారిపోయి విజయనగరంలో ఏడేళ్లు ఉన్నాడు. తెలుగు కవుల్ని పోషించాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. ఆయన కాలంలోనే, 1562లో హుస్సేన్‌సాగర్ తవ్వారు. తండ్రిది హమదాన్. కొడుకు కట్టించింది మాత్రం అచ్చంగా మన తరహా చెరువు. కట్ట, తూము, అలుగు ఉన్న చెరువు. నేల ఏం అడిగిందో అదే కట్టారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే హైదరాబాదు ప్రయాణం ఖర్చుకు సరిపోయినట్టే.

అక్కడి నుంచి 140 కిలోమీటర్ల దూరంలో బీదర్. ఇది కర్ణాటకలో ఉంది. బహమనీ సుల్తానులు పదిహేనో శతాబ్దంలో గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చారు. నన్నడిగితే ఈ యాత్రలో అన్నిటికంటే విలువైన మజిలీ ఇదే. ఎక్కువ టూర్లు దీన్ని వదిలేస్తాయి, లేదంటే గంటలో ముగిస్తాయి. బీదర్ పక్కన నౌబాద్‌లో కారేజ్ ఉంది. కారేజ్ అంటే భూమి కింద తవ్విన నీటి సొరంగం. ఇరాన్‌లో దీన్ని ఖనాత్ అంటారు. పని తీరు ఇలా ఉంటుంది. ఎత్తు ప్రాంతంలో నీళ్లు తగిలే దాకా ఒక బావి తవ్వుతారు. దాన్ని తల్లి బావి అంటారు. అక్కడి నుంచి ఊరి వైపు కొద్దికొద్దిగా వాలుతూ సొరంగం తీస్తారు. దారి పొడవునా పైనుంచి బావుల్లాంటి గుంతలు దింపుతారు. తవ్విన మట్టి వాటిలో నుంచే పైకి తీస్తారు. గాలి వాటిలో నుంచే లోపలికి వెళుతుంది. నీళ్లు తమ బరువుకు తామే నడిచి ఊరి దగ్గర బయటికి వస్తాయి. మోటారు లేదు. ఎద్దులు లేవు. నీళ్లు ఎండకు ఆవిరి కావు. బీదర్ మిట్ట మీద ఎర్రటి జంబిటి రాయి ఉంది. నీళ్లు ఆ రాతిలో ఇంకి, కింద నల్లరాయి తగిలి ఆగుతాయి. అందుకే అక్కడ కారేజ్ పనిచేసింది. ఇరాన్ విద్య దక్కనులో నిలబడింది. ఎక్కడపడితే అక్కడ నిలబడలేదు. రాయి ఒప్పుకున్న చోట నిలబడింది.

ఇక్కడ ఇంకో పెద్ద అభ్యంతరం ఉంది. దాన్ని దాటేసి పోకూడదు. పరాయి రాజులు కత్తితో వచ్చారు, వాళ్ల కట్టడాలు చూడడానికి మనం డబ్బు ఖర్చు పెట్టుకోవాలా అని అడిగేవాళ్లుంటారు. యుద్ధాలు జరిగాయి. రక్తం కారింది. రాయచూరు అంతర్వేది కోసం బహమనీలు, విజయనగరం వాళ్లు తరాల తరబడి కొట్టుకున్నారు. 1565 యుద్ధం తర్వాత విజయనగరం ఏమైందో మనకు తెలుసు. గైడు వీటిని దాచకూడదు. దాచితే అది చరిత్ర కాదు. కానీ కత్తి పట్టనివాళ్లూ వచ్చారు. వర్తకులు, మేస్త్రీలు, లెక్కలు తెలిసినవాళ్లు, సాధువులు వచ్చారు. మహమూద్ గవాన్ గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి బహమనీ ప్రధాని అయ్యాడు. 1472లో బీదర్‌లో మదర్సా కట్టించాడు. దాని గోడల మీది రంగు పలకలు కొన్ని ఇంకా ఉన్నాయి. చివరికి 1481లో సుల్తానే ఆయన్ని చంపించాడు. దక్కను వాళ్లకూ వలస వచ్చినవాళ్లకూ మధ్య ఉన్న కక్షలే కారణం. అంటే వచ్చినవాళ్లంతా ఒక కట్టు కాదు. ఉన్నవాళ్లంతా ఒక కట్టూ కాదు. పైగా రాకపోకలు ఒకవైపే జరగలేదు. ఇరాన్‌లో కెర్మాన్ దగ్గర మాహాన్ అనే ఊరుంది. అక్కడ షా నిమతుల్లా వలీ అనే సూఫీ గురువు సమాధి ఉంది. ఆ గుమ్మటం 1436లో కట్టించింది ఇరాన్ రాజు కాదు. బీదర్ సుల్తాన్ అహ్మద్‌షా. ఇరానీయులు ఇవాళ్టికీ మొక్కుకునే ఒక గుమ్మటం దక్కను సొమ్ముతో లేచింది. దక్కను నేల పన్ను ఆ సొమ్ములో ఉంది. దాన్ని చూడడానికి మనం పరాయివాళ్లలా తలవంచుకుని పోనక్కర్లేదు.

ఇప్పుడు ఇరాన్‌కు వద్దాం. ఆరు నగరాలు వద్దు. నీళ్ల ప్రశ్న ఉన్నవాళ్లకు యజ్ద్, షీరాజ్ చాలు. షీరాజ్ నుంచి పెర్సిపోలిస్, పసర్గాదే చూడొచ్చు. పసర్గాదేలో కురుష్ చక్రవర్తి సమాధి దగ్గర అందరూ ఫొటో దిగుతారు. కొంచెం అవతల ఆయన తోట ఉండేది. రాతిలో తొలిచిన నీటి కాలువలు నేల మీద ఇంకా కనిపిస్తాయి. తోట పోయింది. చెట్లు పోయాయి. కాలువ మిగిలింది. పెర్సిపోలిస్ కింద వాన నీళ్లు పోవడానికి రాయి తొలిచి చేసిన సొరంగాలున్నాయి. యజ్ద్‌లో నీటి మ్యూజియం ఉంది. దేశానికి ఈశాన్యాన గొనాబాద్‌లోని ఖనాత్ 30 కిలోమీటర్లకు పైనే పొడవు. 2016లో యునెస్కో ఇరాన్ ఖనాత్‌లు పదకొండింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వీటన్నిటికంటే మనవాళ్లు దగ్గరగా చూడాల్సింది ఒక చిన్న రాగి గిన్నె. గిన్నె అడుగున సన్నటి చిల్లు. ఒక పెద్ద పాత్రలో నీళ్లు పోసి ఈ గిన్నెను దాని మీద వదులుతారు. చిల్లులో నుంచి నీళ్లు ఎక్కి గిన్నె నిండి మునుగుతుంది. ఒకసారి మునిగితే ఒక వంతు. ఒక రైతుకు ఇన్ని వంతులు. ఒక మనిషి రాత్రీ పగలూ దాని దగ్గర కూర్చుని లెక్కపెట్టేవాడు. వంతు అయిపోగానే మడవ తిప్పేసేవారు. మన దగ్గరా ముహూర్తాలకు ఇలాంటి గడియకుడుకే వాడేవారు. మన చెరువుల కింద నీళ్లు పంచే నీరుగంటి ఉండేవాడు. అంటే ఖనాత్‌ను నిలబెట్టింది సొరంగం ఒక్కటే కాదు. వంతు తప్పకుండా పంచే కట్టుబాటు దాన్ని నిలబెట్టింది. గైడును ఈ మూడూ అడగండి. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎవరు పంచారు? ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు?

అయితే వాళ్లది గొప్ప, మనది తక్కువ అని ఈ యాత్ర నేర్పుతుందా? ససేమిరా నేర్పదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. విజయనగర రాకుమారుడు భాస్కరుడు వేయించాడు. బీదర్ రాజధాని కావడానికి ముందే అన్నమాట. చెరువుకు ఏమేం కావాలో పన్నెండు అంగాలుగా అందులో చెప్పారు. నీటి శాస్త్రం తెలిసినవాడు కావాలి. గట్టి నేల కావాలి. తీయటి నీళ్ల నది కావాలి. రాయి దొరికే గని దగ్గర్లో ఉండాలి. పని తెలిసిన మనుషులు కావాలి. ఆరు దోషాలూ చెప్పారు. కట్ట ఊరడం దోషం. చౌటి నేల దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం దోషం. నీళ్లు కొంచెం, ఆయకట్టు ఎక్కువ కావడం దోషం. ఇంత తెలివి మన నేల మీద ఆరున్నర శతాబ్దాల కిందటే ఉంది. ఇసుక ఏళ్లలో ఊట కాలువలు తీసుకున్న రైతులూ మన సీమవాళ్లే. కాబట్టి ఇది పెద్ద, అది చిన్న అనే లెక్క కాదు. ఒకే కరువుకు రెండు దేశాలు రెండు జవాబులు చెప్పాయి. వాన ఒక్కసారిగా కురిసి ఆగిపోయే చోట మనం చెరువు కట్టాం. వాన దాదాపు లేక, కొండల్లో మంచు కరిగే చోట వాళ్లు సొరంగం తవ్వారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాడికి తన చెరువు కొత్తగా కనబడుతుంది.

ఇంకో సంగతి మనకు మరీ దగ్గరగా తగులుతుంది. ఇరాన్‌లో లోతైన బోర్లు దింపిన తర్వాత చాలా ఖనాత్‌లు ఎండిపోయాయి. భూగర్భజలం కిందికి జారిపోయింది. ఇస్ఫహాన్‌లో ముప్పై మూడు కమానుల వంతెన ఉంది. చాలా అందమైన వంతెన. ఏడాదిలో చాలా కాలం దాని కింద నది ఉండదు. ఇసుక ఉంటుంది. 2021లో నీళ్ల కోసం రైతులు ఆ నది మధ్యలోనే కూర్చుని ఆందోళన చేశారు. ఇక్కడ మన మండలాల్లో ఏం జరిగింది? వెయ్యి అడుగులు దాటి బోర్లు దించారు. టమాటా తోటలు వాటి మీదే బతుకుతున్నాయి. చెరువుల్లో పూడిక పెరిగింది. వంకలు ఆక్రమణ పాలయ్యాయి. నీరుగంటి పని ఎప్పుడో పోయింది. రెండు వేల మైళ్ల అవతల జరిగిన తప్పే మన గడప ముందూ జరుగుతోంది. పెర్సిపోలిస్ రాతి స్తంభాలు చూసి ఆశ్చర్యపోవడం కంటే ఎండిన ఖనాత్ నోరు చూసి ఒక్క నిమిషం ఆగడం మనకు ఎక్కువ ఉపయోగం.

చివరగా డబ్బు మాట. అంత పెట్టి పోయినప్పుడు ఎక్కువ ఊళ్లు చూడాలి కదా అంటారు. లెక్క చూద్దాం. టెహ్రాన్ నుంచి ఇస్ఫహాన్‌కు దాదాపు 450 కిలోమీటర్లు. అక్కడి నుంచి యజ్ద్‌కు 300 పైచిలుకు. యజ్ద్ నుంచి షీరాజ్‌కు మళ్లీ 440 దాకా. అంతా కలిపి పన్నెండు వందలు. వారం యాత్రలో పగటి వేళ ఎంత బస్సుకు పోతుందో మీరే లెక్కేసుకోండి. రెండు ఊళ్లు తగ్గిస్తే రెండు రోజులు మిగులుతాయి. ఆ రెండు రోజులకే మీరు డబ్బు పెడుతున్నారు. అసలు విదేశం పోయే స్తోమత లేనివాళ్ల మాటేమిటి? మనలో ఎక్కువమంది వాళ్లే. వాళ్లకు గుర్రంకొండ, పోరుమామిళ్ల, హైదరాబాదు, బీదర్ చాలు. నీళ్ల ప్రశ్నకు ఆ నాలుగూ ముప్పాతిక జవాబు ఇస్తాయి. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూడొచ్చు కదా అనేవాళ్లకూ ఒక మాట. వీడియోలో గుమ్మటం కనిపిస్తుంది. వాలు కనిపించదు. ఖనాత్‌కు ప్రాణం ఆ వాలే. నేల మీద నిలబడితేనే అది కాలికి తెలుస్తుంది. ఇరాన్‌కే పోదలచుకున్నవాళ్లు మన విదేశాంగ శాఖ హెచ్చరికలు, వీసా నిబంధనలు చూడకుండా టికెట్టు కొనొద్దు. అక్కడి పరిస్థితులు ఎప్పుడు ఎలా మారతాయో చెప్పలేం. మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు. పరిస్థితులు కుదుటపడే దాకా ఆగడంలో నష్టం లేదు.

కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం స్కూళ్లలో, కాలేజీల్లో విహారయాత్రలు వేసే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. ఈ ఏడాది బస్సు మాట్లాడుకునే ముందు పిల్లల చేత ఒక ప్రశ్న రాయించండి. మా ఊరి చెరువు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరు పంచేవారు, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు అని. ముందు ఊరి చెరువు దగ్గర అడిగించండి. తర్వాత గుర్రంకొండకు తీసుకెళ్లండి. ఆ మరుసటి ఏడాది బీదర్‌కు తీసుకెళ్లండి. ఊళ్ల సంఖ్య పెంచకండి. ఆ ఒక్క ప్రశ్న మాత్రం మార్చకండి.